కూజీలో ఆడవాళ్ల కొలను

సిడ్నీ,
ఆగస్టు, ఆదివారం

అమ్మకు, నాయినకు నమస్కారాలు.

అమ్మా, మొన్న ఫోన్లో "వస్తాం గానీ ఆ సముద్రం దిక్కు మాత్రం మమ్మల్ని తీసుకపోకు" అన్నావు. అప్పుడు నేనేమీ అనలేదు. ఫోన్లో చెప్పబోతే మధ్యలో మా చిన్నోడు అందుకుంటాడు, నాయిన నాట్ల సంగతి ఎత్తుకుంటాడు, మాట ఎటో పోతుంది. అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువుకో.

నీ భయం ఎక్కడిదో నాకు తెలుసు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలితే చాలు, మిర్యాలగూడ చుట్టుపక్కల ఎవరో ఒక పిల్లాడి కబురు వింటాం. బావిలో ఈత నేర్చుకున్నవాళ్లే, కాలువ కూడా అంతేననుకుని దిగుతారు. చదువుకోడానికి బయటి దేశాలకు పోయిన మన పిల్లలు బీచ్ దగ్గరో జలపాతం దగ్గరో పోయారని టీవీలో వచ్చినప్పుడల్లా ముందు నాకే ఫోన్ చేస్తావు. కాబట్టి "ఏం కాదులే" అని నేననను. ఎక్కడ దిగొచ్చో, ఏం చూసి దిగాలో చెబుతా. విన్నాక కూడా వద్దంటే బలవంతం చెయ్యను.

మేముండే పరమట్టా వైపు నుంచి సముద్రం దూరమే. ఒక రైలు, ఒక బస్సు మారాలి. ఇక్కడ జనవరిలో ఎండాకాలం, మా వైపు అది మన నల్లగొండ ఎండకు ఏమీ తీసిపోదు. ఇంకా పడమరన ఉన్న పెన్రిత్‌లో 2020 జనవరిలో 48.9 డిగ్రీలు కాసింది. సముద్రపు గాలి అంత లోపలికి రాదు. అదే ఒడ్డుకు పోయామంటే ఒళ్లంతా చల్లబడుతుంది. అందుకే సెలవు దొరికితే మేం అటే పోతాం.

ఒడ్డంటే మీరు సినిమాల్లో చూసినట్టు పొడుగ్గా ఒకటే ఇసుక కాదు. ఇసుకరాయి కొండలు నిలువునా కోసుకుపోయి సముద్రంలోకి దిగి ఉంటాయి. రెండు కొండల మధ్య ఒక చిన్న బీచ్, మళ్లీ కొండ, మళ్లీ బీచ్. బాండై బీచ్ నుంచి కూజీ బీచ్ దాకా కొండ అంచునే ఆరు కిలోమీటర్ల కాలిబాట ఉంది. దారిలో టమరామా, బ్రాంటీ, క్లోవెల్లీ, గోర్డన్స్ బే వస్తాయి. ఎక్కడా టికెట్ లేదు, గేటు లేదు. కోట్లు పలికే ఇళ్లు కొండ మీద ఉన్నా కింద ఇసుక మాత్రం అందరిదీ. నాకు ఈ ఊళ్లో అన్నింటికంటే నచ్చిన సంగతి ఇదే. బ్రాంటీ దాటాక 1877లో మొదలైన పెద్ద శ్మశానం ఒకటి ఉంది. తెల్లటి సమాధులన్నీ సముద్రాన్ని చూస్తున్నట్టే ఉంటాయి. నాయిన అక్కడ చాలాసేపు నిలబడతాడని నాకనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ మనుషుల్ని మింగేది పెద్ద అల కాదు, రిప్. అలలు ఒడ్డుకు తోసిన నీళ్లన్నీ మళ్లీ వెనక్కి పోవాలి కదా. అవి ఇసుకలో లోతుగా ఉన్నచోట ఒక పాయలా కలిసి లోపలికి పరుగెడతాయి. చూడ్డానికి అక్కడ నురగ ఉండదు, అలలు విరగవు. పక్కలకంటే కాస్త ముదురు రంగుగా, నెమ్మదిగా కనబడుతుంది. తెలియనివాళ్లు ఇదే మంచి చోటనుకుని అక్కడే దిగుతారు. అది లాగేటప్పుడు ఒడ్డుకేసి ఎదురీదితే ఎంత గట్టి మనిషైనా అలిసిపోతాడు. కంగారు పడకుండా తేలుతూ చెయ్యెత్తి పిలవాలి, లేదా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. ఇది తమ్ముడికి రెండుసార్లు చదివి వినిపించు. కాలువలో ఈదిన ధైర్యంతో వాడు ఎక్కడికైనా పోయి దిగేస్తాడేమోనని నా టెన్షన్.

అందుకే ఇక్కడ ఎరుపు, పసుపు రంగుల జెండాలు రెండు పాతుతారు. వాటి మధ్యనే దిగాలి. ఇసుక అడుగున కదులుతుంటుంది కాబట్టి జెండాలు కూడా నిన్న ఉన్నచోట ఇవాళ ఉండకపోవచ్చు. సెలవు రోజుల్లో కాపలా కాసేవాళ్లలో చాలామంది జీతం తీసుకోరు. వారమంతా ఆఫీసులోనో షాపులోనో పని చేసుకుని ఇక్కడికొచ్చి నిలబడతారు. 1938 ఫిబ్రవరి 6న బాండైలో వరసగా పెద్ద అలలు వచ్చి వందల మందిని ఒక్కసారే లోపలికి లాగేస్తే, ఆ రోజు అక్కడున్న ఇలాంటి వాళ్లే రెండువందల యాభై మంది దాకా బయటికి తెచ్చారు. అయిదుగురు దక్కలేదు. ఆ పసుపు, ఎరుపు టోపీల వాళ్లను చూసినప్పుడల్లా, మన కాలువ గట్టున ఇలాంటి నలుగురుంటే ఎంతమంది తల్లులకు కడుపుకోత తప్పేదో అనిపిస్తుంది.

అమ్మా, నిన్ను మాత్రం అలల్లోకి తీసుకపోను. నేననేది కొలనుల సంగతి.

ఈ తీరం పొడుగునా కొండరాళ్ల అంచున సముద్రాన్నే కొలనుగా కట్టుకున్నారు. కొంత రాయే గోడ, కొంత కాంక్రీటు గోడ. పోటు వచ్చినప్పుడు అలలు గోడ దాటి వచ్చి నీళ్లు మారుస్తాయి. ఉప్పునీళ్లే, సముద్రమే, కానీ లాగదు. బ్రాంటీలో ఉన్నది 1887 నాటిది. కూజీ పక్కన మెకైవర్స్ అని ఒకటుంది, అది ఆడవాళ్లకూ చిన్నపిల్లలకూ మాత్రమే. మగవాళ్లను రానివ్వరు. 1918లో మెకైవర్ అనే దంపతులు దాన్ని నడపడం మొదలుపెట్టారు, తర్వాత 1923 నుంచి ఆడవాళ్ల ఈత సంఘం ఒకటి చూసుకుంటోంది. మగవాళ్లను రానివ్వకపోవడం వివక్ష కిందికి వస్తుందని గొడవైతే, 1995లో ప్రభుత్వం వివక్ష నిషేధ చట్టం నుంచి దీనికి మినహాయింపు ఇచ్చింది.

నేను మొదటిసారి పోయినప్పుడు నా పక్కన బురఖా తీసి పెట్టి నీళ్లలోకి దిగినావిడ ఉంది, మా నాయనమ్మ వయసు తెల్లావిడ ఉంది. ఎవరూ ఎవర్నీ చూడరు. ఎవరి బట్టలు వాళ్లిష్టం. నిన్ను తలుచుకోకుండా ఉండలేకపోయా. చిన్నప్పటి నుంచి నీళ్లు నీకు మోత బరువే గదా. మర్రిగూడలో బిందెలు మోసి, ఆ ఫ్లోరైడ్ నీళ్లే తాగి పెరిగావు. ఇప్పుడు మోకాళ్లు వంగడం లేదంటే దాంట్లో ఆ నీళ్ల పాపం కూడా ఉందని డాక్టరే అన్నాడు. అలాంటి నువ్వు ఒక్కసారి ఉప్పునీళ్లలో మెడదాకా నిలబడాలి. ఒంటి బరువు మోకాళ్ల మీద పడదు. నీళ్లే నిన్ను మోస్తాయి. ఇది నీకు చూపించాలని నాకు ఎంత కోరికగా ఉందో చెప్పలేను.

మెట్లు నిటారుగా ఉంటాయి, అది నిజం. కమ్మీ పట్టుకుని నెమ్మదిగా దిగుదాం, నేను ముందుంటా. కష్టమనిపిస్తే క్లోవెల్లీకి పోదాం. అది రెండు కొండల మధ్య సన్నటి పాయ. రెండు పక్కలా కాంక్రీటు గట్లు, నీళ్లలోకి దిగడానికి మెట్లు ఉంటాయి. అక్కడ నీలం రంగు పెద్ద చేప తిరుగుతుంది, బ్లూ గ్రోపర్ అంటారు. ఈ రాష్ట్రానికి గుర్తుగా పెట్టుకున్న చేప అదే, ఈటెతో పొడవకూడదని చట్టం ఉంది. చిన్నోడు మీకు దాన్ని చూపించాలని ఇప్పట్నుంచే లెక్కలేస్తున్నాడు.

ఇక్కడ కూడా ఆడవాళ్లకు ఇదంతా ఊరికే రాలేదు. నూట పాతికేళ్ల కిందట పగటిపూట అందరికీ కనబడేలా సముద్రంలో దిగడమే నేరం. మగవాళ్లు చూస్తుండగా ఆడపిల్లలు పోటీల్లో ఈదకూడదని ఆడవాళ్ల సంఘమే నియమం పెట్టుకుంది. మెకైవర్స్‌కు దగ్గర్లోనే 1907లో వైలీ అనే ఆయన ఇంకో కొలను కట్టాడు. ఆయన కూతురు మీనా 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌కు పోయింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు ఈతపోటీలు పెట్టడం అదే మొదలు. వంద మీటర్లలో సిడ్నీ పిల్లే ఫ్యానీ డురాక్ బంగారు పతకం గెలిచింది, మీనాకు వెండి వచ్చింది. తండ్రి కట్టిన కొలను దగ్గర ఇప్పుడు మీనా విగ్రహం ఉంది. నాయినా, మన ఇంట్లో ఈతకు సొరకాయ బుర్ర తమ్ముడికే కట్టావు, నాకు కట్టలేదు. కోపంతో అనడం లేదు, అప్పుడు ఊళ్లో ఎవరూ ఆడపిల్లకు కట్టలేదు. నేను ముప్ఫై దాటాక ఇక్కడ క్లాసుకు పోయి నేర్చుకున్నా. మీరొచ్చాక నువ్వు గట్టున కూర్చుని చూడాలి.

ఇక్కడ ఇప్పుడు చలికాలం, తిమింగలాలు ఉత్తరానికి పోతున్నాయి. దక్షిణ ధ్రువం దగ్గరి చల్లటి నీళ్లలో తిని బలిసి, పురుటికి పుట్టింటికి పోయే ఆడపిల్లల్లా వెచ్చటి నీళ్లకు పోతాయి. మీరు అక్టోబరులో దిగేసరికి పిల్లల్ని వెంటబెట్టుకుని తిరిగి వస్తుంటాయి. కొండ మీద నుంచే కనబడతాయి, దానికి నీళ్లలో దిగే పనే లేదు.

అక్టోబరులో నీళ్లు చల్లగానే ఉంటాయి, నీకు పడవు. సంక్రాంతి దాకా ఉంటారు కాబట్టి జనవరిలో పోదాం. ఆ నెలలో బ్లూబాటిల్ అని నీలి బుడగల్లాంటివి ఒక్కోసారి కొట్టుకొస్తాయి, కుడితే మంట పుడుతుంది. అవి ఉన్న రోజు ఇంటికి తిరిగొచ్చేద్దాం.

బట్టల గురించి దిగులుపడకు. చేతులు, కాళ్లు నిండుగా ఉండే ఈత బట్టలు ఇక్కడ దొరుకుతాయి, కొని పెడతా. కాటన్ చీర తడిస్తే బరువైపోతుంది, అది వద్దు. మోకాళ్ల మందులు చీటీతో సహా తెచ్చుకో. సకినాలు, పొడులు ఏం తెచ్చినా విమానం కాగితంలో తినే వస్తువులున్నాయని తప్పకుండా రాయాలి, తమ్ముడికి చెప్పు. రాయకపోతే జరిమానా వేస్తారు.

మెకైవర్స్‌కు వస్తావో రావో వచ్చే ఆదివారం ఫోన్లో చెప్పు.

మీ బిడ్డ