పాత ఆయిల్ ఎక్కడ పొయ్యమంటారు?

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం పేజీలో కారు ఇంజన్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకోవడం ఎలాగో రాశారు. బాగుంది. షెడ్డుకెళ్లి సగం పూట కూర్చునే బదులు ఇంటి ముందే అయిపోయే పని అది, నా బండికి నేనూ చాలాకాలంగా అలాగే మార్చుకుంటున్నాను, కాబట్టి వ్యాసం వద్దనడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. కానీ చివర్లో ‘పాత ఆయిల్‌ను జాగ్రత్తగా పారవేయండి’ అని ఒక్క ముక్కతో తేల్చేశారు చూడండి, అక్కడ ఆగిపోయాను. ఎక్కడ పారవేయాలి సార్? శ్రీకాకుళంలో ఎక్కడ?

దానికంటే ముందు, వ్యాసంలో సరిచేయాల్సినవి కొన్ని ఉన్నాయి, చెప్పేస్తాను. జాకీ పెట్టి ఎత్తి బండి కిందికి వెళ్లమన్నారు. కారుతో పాటు ఇచ్చే జాకీ టైరు మార్చడానికే, దాన్ని నమ్ముకుని మనిషి కిందికి దూరకూడదు. మనవాళ్లు తోడుగా ఇటుకలో సిమెంటు దిమ్మలో పెడతారు, అవి ఇంకా ప్రమాదం, బరువంతా ఒక మూలకి పడితే చెప్పాపెట్టకుండా పగులుతాయి. ఇనప స్టాండ్లు కావాలి, లేదంటే చక్రాలు ఎక్కించే ర్యాంపులు, అదీ చదునుగా గట్టిగా ఉన్న నేల మీద, హ్యాండ్ బ్రేకు లాగి వెనక చక్రాలకి అడ్డు పెట్టాకే. ఇంత హంగామా వద్దనుకుంటే డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) గొట్టంలోంచి ఆయిల్ లాగేసే చేతిపంపు దొరుకుతుంది, కాకపోతే ఆయిల్ ఫిల్టరు కింద వైపు ఉన్న బండ్లకి ఎలాగూ కిందికి వెళ్లక తప్పదు.

ఇంకోటి, అందరికీ కలిపి నాలుగు లీటర్లని రాసేశారు. చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి మూడు లీటర్లు అటూ ఇటూగా సరిపోతుంది. కొన్నాం కదా అని డబ్బా మొత్తం వంచేస్తే లోపల తిరిగే క్రాంక్‌షాఫ్ట్ దాన్ని చిలికి నురగ చేస్తుంది, నురగతో ప్రెజర్ నిలవదు, బేరింగులకి ఆయిల్ సరిగ్గా అందదు. ఎంత పొయ్యాలో, ఏ గ్రేడు పొయ్యాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది, మనమే దాన్ని కవరు కూడా తియ్యకుండా డాష్‌బోర్డులో పడేస్తాం. అందులో 0డబ్ల్యూ-20 అని, అంటే పల్చటి రకం, ఉంటే అదే కొనండి, షాపులో “మన ఎండలకి చిక్కటిదే మంచిది బాబూ” అన్నారని 20డబ్ల్యూ-50 తెచ్చుకోవద్దు. 2020 ఏప్రిల్ తర్వాత కొత్త పొగ నిబంధనల ప్రకారం వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లతో మరీ జాగ్రత్త, వాటి పొగగొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది, బూడిద తక్కువ మిగిల్చే రకం ఆయిల్ వాడకపోతే అది త్వరగా పూడుకుపోతుంది, దాని ఖరీదు వింటే షెడ్డు లేబర్ ఛార్జీ ఎంతో నయం అనిపిస్తుంది. వారంటీలో ఉన్న బండికైతే ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది, రేపు ఇంజన్‌కి ఏమైనా అయితే సర్వీసు బిల్లులు చూపించమంటారు.

సరే, అసలు సంగతికొస్తాను. పని అయిపోయాక మూడు లీటర్ల నల్లటి ఆయిల్ మిగులుతుంది, దాంతోపాటు ఆయిల్ పీల్చుకున్న ఫిల్టరు ఒకటి. ఏం చెయ్యాలని మా వీధిలో అడిగితే “ఏటవుద్ది, కాలవలో పారబొయ్యి” అన్నారు ఒకరు. దూలాలకి రాస్తే చెద పట్టదన్నారు ఇంకొకరు. సెంట్రింగ్ పనివాళ్లు రేకులకి పూసుకోవడానికి ఇమ్మంటారు. కుక్కకి గజ్జి వస్తే ఇదే మందని ఒళ్లంతా రాసేసేవాళ్లు కూడా ఉన్నారు, పాపం అది నాక్కుంటుంది కదా అన్న ఆలోచన ఉండదు.

షెడ్డుకి పట్టుకెళ్తే తీసుకుంటారు, కాదనను. అక్కడ ఒక డ్రమ్ము ఉంటుంది, నిండాక ఎవరో వచ్చి డబ్బులిచ్చి ఎత్తుకుపోతారు. ఎక్కడికి పోతుందని అడిగితే “మనకెందుకండీ” అన్నారు. ఏ బట్టీలో కాలుతుందో, కాస్త వడకట్టుకుని మళ్లీ కొత్త డబ్బాలోకి ఎక్కి మన బండిలోకే వస్తుందో ఎవరు చూడొచ్చారు. అన్నట్టు ఆ ఖాళీ డబ్బా గురించి కూడా మీ వ్యాసంలో లేదు. కంపెనీ డబ్బా మూతతో సహా చెక్కుచెదరకుండా ఇస్తే పాత సామాన్లవాడు ఉత్త ప్లాస్టిక్ కంటే ఎక్కువ రేటు కడతాడు, ఎందుకో మీకే తెలుస్తుంది. కత్తితో అడ్డంగా కోసి, లేబుల్ చింపేసి ఇవ్వండి.

ఆ నల్ల ఆయిల్ మామూలు జిడ్డు కాదు. ఇంజన్‌లో అరిగిన లోహాల పొడి, మసి, పెట్రోలు మండినప్పుడు పుట్టే విషాలు అందులో చేరి ఉంటాయి. పదే పదే ఒంటికి తగిలితే చర్మ క్యాన్సర్ ముప్పు ఉంది, అందుకే చేతికి గ్లౌజులు వేసుకోమనేది. ఒక్క కారుకి ఒకసారి మార్చిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీళ్లని పాడు చెయ్యగలదని అమెరికా పర్యావరణ సంస్థ చెబుతోంది. మన ఊరి కాలవలో పోసింది వాన పడితే నాగావళి దారి పడుతుంది, ఆ ఏటి పక్కనే మన బోర్లూ మడులూ ఉన్నాయి. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ పూర్తిగా తేలని జిల్లా ఇది. దానికీ ఆయిల్‌కీ లంకె ఉందని నేననడం లేదు, నీళ్ల విషయంలో ‘ఏటవుద్ది’ అనే మాట మన నోట రాకూడదు అంటున్నాను, అంతే.

ఒక మిత్రుడు వాదించాడు, దోమల కోసం మున్సిపాలిటీలే రంపపు పొట్టు మూటలు కట్టి, వాడేసిన ఆయిల్‌లో ముంచి కాలవల్లో వేస్తుంటే మనం పోస్తే తప్పేంటని. నిజమే, చాలా ఊళ్లలో వేస్తున్నారు. నాకు అదీ నచ్చదు.

చట్టం లేక కాదు. వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల్లోకి వస్తుందని 2016 నాటి కేంద్ర నిబంధనల్లోనే ఉంది. 2023లో వాటిని సవరించి, ఆయిల్ అమ్మే కంపెనీలే పాత ఆయిల్ రీసైక్లింగ్ బాధ్యత కూడా తీసుకోవాలన్నారు, 2024 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. రీసైక్లింగ్ అంటే వడకట్టి మళ్లీ అమ్మడం కాదు. ఆయిల్ నిజానికి అరిగిపోదు, మురికి పడుతుంది, అందులో కలిపిన రసాయనాలు అయిపోతాయి, సరిగ్గా శుద్ధి చేస్తే కొత్త ఆయిల్ తయారీకి మళ్లీ పనికొచ్చే మూల నూనె (బేస్ ఆయిల్) వస్తుంది. మరి ఈ బాధ్యత మా శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ దాకా ఎందుకు రాలేదు? జర్మనీలో ఎంత ఆయిల్ అమ్మితే అంత పాత ఆయిల్‌ని అమ్మినవాళ్లే ఉచితంగా వెనక్కి తీసుకోవాలి, కొన్నవాళ్లు రశీదు చూపిస్తే చాలు. మన దగ్గర దీనికి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. ఆయిల్ అమ్మే షాపులోనో పెట్రోలు బంకులోనో మూత ఉన్న ఒక డ్రమ్ము, 210 లీటర్లది, పెడితే డెబ్బై కార్ల ఆయిల్ పడుతుంది, నిండాక అనుమతి ఉన్న రీసైక్లరు బండి వచ్చి పట్టుకెళ్తుంది. కంపెనీ పంపే ఆయిల్ లారీ షాపు దాకా వస్తున్నప్పుడు ఇది మాత్రం ఎందుకు రాకూడదు?

ఇంట్లో మార్చుకునేవాళ్లు ఈలోగా చెయ్యగలిగింది ఒకటే, దాచిపెట్టడం. మూత బిగుతుగా ఉండే క్యాన్‌లో పోసి పైన రాసి పెట్టుకోండి, పిల్లలకి అందనివ్వకండి. అందులో నీళ్లు గానీ ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ గానీ బ్రేక్ ఆయిల్ గానీ కలిపారో, ఇక శుద్ధి చేసేవాళ్లు కూడా ముట్టుకోరు. ఫిల్టరుకి చిల్లు పెట్టి రాత్రంతా బోర్లించి, కారిందంతా అదే క్యాన్‌లో పొయ్యండి.

ఎలా మార్చాలో మీరు రాశారు కాబట్టి మిగతా సగం కూడా మీరే రాయండి. మీ విలేకరులు పొల్యూషన్ బోర్డు వాళ్లని, ఆయిల్ డీలర్లని కలిసి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మామూలు మనిషి మూడు లీటర్ల పాత ఆయిల్ పట్టుకెళ్లి ఇవ్వగలిగే చోటు ఎక్కడుందో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో కనుక్కుని అదే పేజీలో వేస్తే బాగుంటుంది. లేదని చెబితే ఆ మాట కూడా వాళ్ల పేరుతోనే వెయ్యండి.

– ఒక పాఠకుడు, బలగ, శ్రీకాకుళం