ముల్లు ఎప్పుడు పైకి లేస్తోందో ముందు అడగండి

సంపాదకులకు నమస్కారం.

మీ వాహనాల పేజీలో ఇంజను వేడెక్కడం గురించి వచ్చిన వ్యాసం చదివాను. ఇంజనును చల్లబరిచే ద్రవమైన కూలెంట్ నింపుకోండి, ఆ ద్రవం వేడిని గాలికి వదిలే రేడియేటర్ శుభ్రం చేయించండి, అప్పటికీ తగ్గకపోతే థర్మోస్టాట్ తీయించేయండి అని అందులో సలహా ఇచ్చారు. మొదటి రెండింటితో నాకు పేచీ లేదు. మూడోది చదివాక ఊరుకోలేకపోయాను. నేను కార్ల మరమ్మతు పనిలో జీవితమంతా గడిపి, ఇప్పుడు ఆ పని నేర్చుకునే పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఎవరో థర్మోస్టాట్ పీకేసిన ఇంజన్లను విప్పి, లోపల ఏం జరిగిందో కళ్లారా చూశాను.

థర్మోస్టాట్ అంటే కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లే దారిని తెరిచి మూసే కవాటం. దాని లోపల మైనం నింపిన గుళిక ఒకటి ఉంటుంది. కూలెంట్ సుమారు 82 నుంచి 90 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే మైనం కరిగి ఉబ్బి, రేడియేటర్ వైపు దారి తెరుస్తుంది. అది తెరుచుకోకుండా ఇరుక్కుపోతే ఇంజను వేడెక్కే మాట నిజమే. అలాంటప్పుడు కొత్తది వేయాలి, ఖాళీగా వదిలేయకూడదు. చాలా ఇంజన్లలో అది ఒక దారి తెరుస్తూనే బైపాస్ అనే రెండో దారిని మూస్తుంది. దాన్ని తీసేస్తే బైపాస్ ఎప్పటికీ తెరిచే ఉంటుంది. వేడి కూలెంట్‌లో కొంత రేడియేటర్ ముఖం చూడకుండానే ఇంజనులోకి తిరిగి వచ్చేస్తుంది. చల్లబడాలని చేసిన పని ఎత్తురోడ్డు మీద బండిని మరింత కాలుస్తుంది. చల్లటి వేళల్లో దీనికి పూర్తిగా విరుద్ధం. ఇంజను ఉండాల్సిన వేడికి చేరనే చేరదు. కంప్యూటర్ అది ఇంకా చల్లగానే ఉందనుకుని ఎక్కువ పెట్రోలు పంపుతుంది. కాలకుండా మిగిలిన పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా ఇంజను ఆయిల్‌లోకి దిగి దాన్ని పలుచన చేస్తుంది. ఖర్చు పెరగడం అటుంచి, ఇంజను అరుగుదల కూడా పెరుగుతుంది.

అనుమానం ఉంటే పరీక్షించడం ఎంతో తేలిక. థర్మోస్టాట్ విప్పి, దారంతో కట్టి, గిన్నెడు నీళ్లలో అడుగుకు తగలకుండా వేలాడదీసి, పక్కన థర్మామీటర్ ఉంచి వేడి చేయాలి. దాని మీద ముద్రించిన డిగ్రీలకు అటూ ఇటూగా తెరుచుకోవడం మొదలైతే అది బాగానే ఉన్నట్టు. నీళ్లు మరుగుతున్నా కదలకపోతే పారేయాలి.

మీ వ్యాసంలో అసలు ప్రశ్నే లేకపోవడం నన్ను ఇంకా బాధించింది. కారు వేడెక్కుతోందని ఎవరైనా వస్తే నా విద్యార్థులు బానెట్ ఎత్తకముందే అడగవలసింది ఒకటుంది: ఎప్పుడు వేడెక్కుతోంది? నిలబడినప్పుడా, పరుగెత్తేటప్పుడా, స్టార్టు చేసిన కాసేపటికేనా? ఈ జవాబు వినకుండా పరికరాలు మార్చడం మొదలుపెడితే ముందు థర్మోస్టాట్, తర్వాత వాటర్ పంపు, ఆ తర్వాత రేడియేటర్ వరుసగా మారతాయి. యజమాని డబ్బు పోతుంది, డ్యాష్‌బోర్డులో ఇంజను వేడి చూపే ముల్లు మాత్రం మళ్లీ ఎర్రగీత దగ్గరికే వస్తుంది.

సిగ్నళ్ల దగ్గర ఆగినప్పుడు వేడెక్కి, కదలగానే తగ్గిపోతుంటే ముందుగా ఫ్యాను మీద అనుమానపడాలి. నిలబడిన కారులో రేడియేటర్‌కు గాలి తెచ్చేది అదొక్కటే. ఇంజను నడుస్తుండగా ఏసీ వేస్తే చాలా కార్లలో ఫ్యాను వెంటనే తిరగాలి. తిరగకపోతే ఫ్యూజు, ఫ్యానుకు కరెంటు కలిపే స్విచ్చు అయిన రిలే చూసి, ఫ్యాను మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడాలి. అప్పుడు తిరిగితే మోటారు మంచిదే, లోపం రిలేలోనో సెన్సారులోనో వైర్లలోనో ఉంది. ఫ్యాను తిరుగుతున్నంత మాత్రాన తృప్తి పడకూడదు. మోటారు మార్చినప్పుడు వైర్లు తారుమారైతే అది వెనక్కి తిరుగుతూ, వచ్చే గాలికి ఎదురు నెడుతుంది. కాగితం ముక్కను కారు ముందు జాలీకి దగ్గరగా పట్టుకోండి, దాన్ని లోపలికి లాక్కోవాలి. చేతులు మాత్రం ఫ్యానుకు దూరంగా ఉంచండి. తాళం తీసేశాక కూడా కొన్ని కార్లలో ఫ్యాను ఉన్నట్టుండి తిరుగుతుంది.

నిలబడినప్పుడు బాగుండి, వేగంగా వెళ్లేటప్పుడే ముల్లు లేస్తోందంటే ఫ్యాను జోలికి పోనక్కర్లేదు. ఆ వేగంలో గాలి తనంతట తానే వస్తుంది. అక్కడ చూడవలసింది కూలెంట్ ప్రవాహం. రేడియేటర్ గొట్టాల్లో సున్నంలాంటి పొలుసు పేరుకుపోయి ఉండవచ్చు. కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు లోపలి రెక్కలను తుప్పు తినేసి ఉండవచ్చు. పంపు తిప్పే బెల్టు జారుతుండవచ్చు. అందరూ మరిచిపోయేది రేడియేటర్ అడుగు నుంచి ఇంజనుకు వెళ్లే కింది హోస్ పైపు. పాతబడి మెత్తబడిన పైపును ఇంజను వేగం పెరిగినప్పుడు పంపు పీల్చే బలం చదునుగా నొక్కేస్తుంది. ఇంజను నెమ్మదించగానే పైపు మామూలుగా ఉబ్బుతుంది కాబట్టి బండి ఆపి చూస్తే ఏమీ కనపడదు. అందుకే బండి నిలిపి ఉంచి, ఒకరు ఇంజను వేగం పెంచుతుండగా ఇంకొకరు దాన్నే కనిపెట్టి చూడాలి.

గాలి వచ్చినా లోపలికి చొరబడలేని స్థితి కూడా ఉంటుంది. ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్యనున్న సందులో దుమ్ము, ఎండుటాకులు, పురుగులు చేరి దట్టమైన పొరలా కట్టేస్తాయి. ముందునుంచి చూస్తే అంతా శుభ్రంగానే కనిపిస్తుంది. ఇంజను పూర్తిగా చల్లారాక, ఇంజను వైపు నుంచి బయటికి, సన్నని రేకులు వంగనంత మెల్లగా నీళ్లు కొట్టి కడగాలి. జాలీకి అడ్డంగా అదనపు దీపాలు, బోర్డులు బిగించుకున్న వాళ్లు ముందు వాటిని తీసి చూడటం మంచిది.

స్టార్టు చేసిన కొద్దిసేపటికే వేడెక్కి, ఇంజను కాలిపోతుండగా రేడియేటర్ చల్లగా ఉంటే థర్మోస్టాట్ ఇరుక్కున్నట్టో, లోపల గాలి చిక్కుకున్నట్టో అనుకోవచ్చు. కూలెంట్ మార్చిన వెంటనే మొదలైతే చాలావరకు గాలే. హీటరు వేస్తే చల్లగాలి రావడం దానికి ఇంకో ఆనవాలు. ఇంజను ఇంకా చల్లగా ఉండగానే రేడియేటర్‌కు వెళ్లే పై పైపు గట్టిగా బిగిసిపోతుంటే మాత్రం సంగతి పెద్దది. సిలిండర్‌లో మండిన వాయువు కూలెంట్‌లోకి చొరబడుతోంది, అంటే ఇంజను దిమ్మకూ, దాన్ని పైన మూసే హెడ్‌కూ మధ్య బిగించే హెడ్ గాస్కెట్ పోయి ఉండవచ్చు. ఎక్కడా కారకుండానే కూలెంట్ తగ్గడం, పొగగొట్టం నుంచి తీపి వాసనతో తెల్లపొగ ఆగకుండా రావడం, ఆయిల్ పాలు కలిపినట్టు మారడం ఆ కోవలోవే. అప్పుడు కూలెంట్, ఆయిల్ పోయించుకుని ఇంకా నడపడం ఇంజనుకు చాలా హాని.

ఇక రేడియేటర్ మూత. దాన్ని అందరూ ఒట్టి బిరడాగా చూస్తారు. మామూలు నీళ్లు 100 డిగ్రీలకు మరుగుతాయి. నీళ్లూ చిక్కటి కూలెంట్ ద్రవమూ సగం సగం కలిపిన మిశ్రమం సుమారు 107 దాకా ఆగుతుంది. మూత దాదాపు ఒక బార్ (మన చుట్టూ ఉన్న గాలి పీడనమంత) అదనపు పీడనాన్ని నిలబెడితే అదే మిశ్రమం 130 దగ్గరికి వచ్చేదాకా మరగదు. మూత స్ప్రింగు సడలి, రబ్బరు చిట్లితే ఆ అదనపు బలమంతా పోయి, ఏ లోపమూ లేని ఇంజను కూడా పొంగిపోతుంది. ఇంజను వేడిగా ఉండగా మూత తెరిస్తే జరిగేదీ అదే. పీడనం ఒక్కసారిగా దిగి, లోపలి ద్రవం ఆవిరై ముఖం మీదికి ఎగజిమ్ముతుంది. గుడ్డ చుట్టి తిప్పినా ఆగదు. పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారేదాకా మూత ముట్టుకోవద్దని నా పిల్లలకు మళ్లీ మళ్లీ చెబుతాను.

దారిలో ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా పెట్టి, కిటికీలు దించి, భద్రమైన చోట పక్కకు ఆపండి. హీటరు ఇంజను వేడిలో కొంత బయటికి లాగుతుంది. ఆవిరి కనిపిస్తే ఇంజను ఆపేయండి, ఆవిరి తగ్గేదాకా బానెట్ ఎత్తవద్దు. కాలుతున్న ఇంజను మీద చన్నీళ్లు పోయవద్దు. అల్యూమినియం హెడ్ వంకరపోవచ్చు, పగలవచ్చు. పైకి లేచిన ముల్లు హఠాత్తుగా కిందికి పడిపోతే ఊపిరి పీల్చుకుని బయలుదేరకండి. కూలెంట్ ఖాళీ అయిపోయి సెన్సారు గాలిలో ఉండిపోయినప్పుడు ముల్లు అలా చల్లదనం చూపిస్తుంది. ఇంజన్లు బిగుసుకుపోయేది చాలాసార్లు ఆ తర్వాతే.

కూలెంట్ నింపుకోండి అన్న మీ మాటకు కూడా కొంత చేర్చాలి. అత్యవసరంలో మామూలు నీళ్లు పోయడం తప్పు కాదు, వాటితోనే నడిపించడం తప్పు. కుళాయి నీటిలోని లవణాలు గొట్టాల్లో పొలుసు కడతాయి, తుప్పు ఆపే మందు లేక లోహాన్ని తుప్పు తినేస్తుంది. ఆకుపచ్చదా ఎర్రదా అని రంగు చూసి కలపడం కూడా సరికాదు, రంగుకు అన్ని కంపెనీలకూ వర్తించే ప్రమాణమేదీ లేదు. కారుతో వచ్చిన పుస్తకంలో ఏ రకం రాశారో అదే పోయాలి. పాతది ఓడ్చినప్పుడు నేల మీద వదిలేయకండి. చాలా కూలెంట్లలో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తీపిగా ఉంటుంది. కుక్కలూ పిల్లులూ నాకి చచ్చిపోతాయి, చిన్నపిల్లలకూ అది విషమే.

ఈ ఉత్తరం మొత్తానికి చోటు దొరకకపోతే, థర్మోస్టాట్ తీయించమన్న సలహాకు సవరణనూ, వేడి మీద రేడియేటర్ మూత తెరవవద్దన్న హెచ్చరికనూ తప్పక వేయండి. ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే, అంత పెద్ద అక్షరాల్లోనే వేయాలని నా మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు, మోటారు మెకానిక్ శిక్షకుడు