బాణాలు ఆపే వల గురించి అడిగితే పావురాల వల అన్న మీ కస్టమర్ కేర్ మీద ఫిర్యాదు

కస్టమర్ కేర్ హెడ్ గారికి (ఆ కుర్చీలో నిజంగా ఎవరైనా ఉంటే),

నమస్కారం. బెంగళూరు రామమూర్తినగర్ నుంచి రాస్తున్నాను. మా పాప విలువిద్య ప్రాక్టీసు కోసం మీ దగ్గర కొన్న ఆర్చరీ బ్యాక్‌స్టాప్ నెట్ (టార్గెట్ వెనక కట్టే వల) గురించి. ఫొటోలు, వీడియో మీ మెయిల్‌లో, చాట్‌లో, వాట్సాప్‌లో ఎప్పుడో పంపాను, ఎవరూ తెరిచి చూడలేదంతే. టార్గెట్ తప్పిన బాణాన్ని ఆపాల్సిన వల ఆపలేదు. బాణం వల దాటి కాంపౌండ్ గోడకు తగిలి విరిగింది. గోడ అవతల పక్కింటావిడ బట్టలు ఆరేసుకుంటారు. గోడ ఎత్తుగా ఉంది కాబట్టి సరిపోయింది.

వస్తువన్నాక ఒకటీ అరా పాడొస్తాయి, దానికే అయితే ఇంత పెద్ద ఉత్తరం రాసేవాణ్ణి కాదు. ఒళ్ళు మండింది ఆ తర్వాత మీవాళ్ళు నన్ను తిప్పిన తిప్పుడుకి.

మొదట ఫోనెత్తిన అమ్మాయి నేను చెప్పిందంతా ఓపిగ్గా విని, "మీ బాల్కనీ ఎన్ని అడుగులు సార్?" అంది. బాల్కనీ ఏంటమ్మా అంటే పావురాల వల అనుకుందట! బెంగళూరులో వల అనగానే పావురాలే గుర్తొస్తాయి, నిజమే, కానీ మీరు అమ్మేది విల్లూ బాణాలు కదండీ. మళ్ళీ మొదటినుంచి చెప్పాను, టికెట్ రైజ్ చేశానంది. మర్నాడే మెసేజ్ వచ్చింది, నా సమస్య పరిష్కారమైపోయిందట, రేటింగ్ ఇవ్వాలట.

తర్వాత దొరికినాయన వల బిగించి కట్టారా, వదులుగా కట్టారా అని అడిగాడు. హమ్మయ్య, విషయం తెలిసిన మనిషి అనుకున్నాను. బిగించి కడితే బాణం దూసుకుపోతుంది, వదులుగా వేలాడదీసి అంచు నేలమీద కాస్త పరుచుకునేలా వదిలితేనే బాణం ఊపు వలలో చచ్చిపోతుంది, మేమూ అలాగే కట్టాం అని చెబుతుండగా లైన్ కట్. మళ్ళీ చేస్తే ఇంకో ఆయన, కాగితంలో చూసి చదువుతున్నట్టు "ఇన్‌స్టాలేషన్ తప్పయితే వారంటీ వర్తించదు" అని అదే వాక్యం అప్పజెప్పాడు. తెలుగు కోసం నొక్కమన్న నంబరు నొక్కితే హిందీలో మాట్లాడతారు, ఆ నంబరు ఎందుకు పెట్టినట్టు?

పికప్ కథ ఇంకా బాగుంటుంది. వచ్చిన కుర్రాడి ఫోన్లో వల బదులు విల్లు అని ఉంది. మా పాప విల్లు తీసుకెళ్తానంటాడు! ఇవ్వనంటే పాపం అతను మాత్రం ఏం చేస్తాడు, వెళ్ళిపోయాడు. మీ యాప్‌లో మాత్రం "కస్టమర్ పికప్‌కు నిరాకరించారు" అని ఎక్కింది. అంటే ఇప్పుడు తప్పు నాదన్నమాట.

ఇవన్నీ భరించాను. కానీ చివరికి మాట్లాడిన సీనియర్ గారు, "వల ఆప్షనలే కదా సార్, అందాకా అది లేకుండా ఆడించండి" అన్నారు చూడండి, అక్కడ నా ఓపిక అయిపోయింది. పెరట్లో మాకున్నది పది మీటర్ల చోటు. ఇండోర్ పోటీల దూరం 18 మీటర్లు కూడా లేదు. అందుకే పాప విల్లు ఎత్తితే వెనక తలుపు గడియ వేస్తాం, అందరూ గీత వెనకే, విల్లు కింద పెట్టాకే బాణాలు తేవడం. మా ఇంటావిడని ఒప్పించిందే "వెనక వల ఉంటుంది" అనే మాట మీద. బాణాలు అమ్మే కంపెనీ సీనియర్ వల లేకుండా కొట్టించమంటారా? ఆ కాల్ రికార్డు మీ దగ్గరే ఉంటుంది, వినండి.

2023 హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో మన ఆర్చర్ జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు కొట్టినప్పటి నుంచి మా పాపకి ఇదే పిచ్చి. మొదటి విల్లు, ఆర్మ్‌గార్డు, ఫింగర్ ట్యాబు, టార్గెట్ కాగితాలు అన్నీ మీ దగ్గరే కొన్నాం. కోచింగులో నా మాట విని మీ దగ్గర కొన్న తల్లిదండ్రులూ ఉన్నారు. కొనేటప్పుడు మాత్రం మీ సేల్స్ అబ్బాయి అర్ధరాత్రి కూడా జవాబిచ్చేవాడు లెండి! ఇప్పుడు దసరా సెలవులన్నీ విల్లు గోడకు తగిలించే గడిచిపోయాయి.

ఫోన్ చేసిన ప్రతిసారీ "48 గంటల్లో కాల్ వస్తుంది" అంటారు. 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనూ ఆ 48 గంటలే ఉన్నాయి, ఫిర్యాదు అందిందని ఆ లోపు చెప్పాలి, నెలలో తేల్చాలి. అంకె మీకు బాగానే గుర్తుంది, మిగతాది మర్చిపోయారు. వల మారుస్తారో, డబ్బు వెనక్కిస్తారో మీ ఇష్టం, ముందు విషయం తెలిసిన మనిషి ఒకరు నాతో మాట్లాడాలి. లేదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. మీ ఆఫీసు ఎక్కడున్నా నేనుండే ఊళ్ళోనే కేసు వేయొచ్చు, కొన్న వస్తువు ధర అయిదు లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. మా బావమరిది లాయరు, ఖాళీగానే ఉన్నాడు. కోచింగ్ గ్రూపులో ఈ ఉత్తరం ఉన్నదున్నట్టు పెడతాను.

ఇట్లు,
మీ పాత కస్టమర్

తా.క.: విరిగిన బాణం ఖరీదు కూడా కలపండి. మొదట అడగకూడదనే అనుకున్నాను.