ఎనిమిదికి ఎనిమిదీ గూడు చేరాయి

పాపా,

నిన్న సాయంత్రం నీ ఎనిమిది కోడిపిల్లలూ తమంతట తామే గూట్లోకి వెళ్లాయి. నేను చెయ్యి వెయ్యలేదు, మీ నాయన కర్ర పట్టలేదు. ఫోన్‌లో చెబుదామంటే నేను మొదలుపెట్టేసరికి నీకు మీటింగ్ వస్తుంది, అందుకే రాస్తున్నా, రైల్లో ఆఫీసుకి పోతూ చదువుకో.

చెన్నైకి పోతూ పోతూ "ఆరు వారాలు దాటాక గూట్లో వదిలెయ్యమ్మా, అవే చూసుకుంటాయి" అని ఎంత తేలిగ్గా చెప్పి పోయావే! యుటిలిటీలో వాషింగ్ మెషిన్ పక్కన అట్టపెట్టెలో ఉన్నన్నాళ్లూ నాకే బాధా లేదు. మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి తగ్గించాలి అని నువ్వు గోడకి అంటించిన కాగితం నేను పెద్దగా చూసిందీ లేదు. అన్నీ బల్బు కిందకి చేరి ఒకదాని మీద ఒకటి ఎక్కితే చలేస్తోందని బల్బు కిందకి దించేదాన్ని, నోళ్లు తెరిచి మూలలకి పోతే పైకి లాగేదాన్ని, అంతే.

అసలు తంటా గూడు మార్చిన రోజు మొదలైంది. మెట్ల కింద పాత బీరువాకి జాలీ కొట్టించాం కదా, పొద్దున ఎనిమిదింటినీ అందులో వదిలి, గింజలు పెట్టి, మధ్యాహ్నానికల్లా తలుపు తీసేశాను. పెరట్లో తిరిగి తిరిగి పొద్దు గూకితే అవే వస్తాయిలే అనుకున్నా, మన మదనపల్లెలో వచ్చేవి కదా మరి. ఈ నెలలో ఇక్కడ బెంగళూరులో ఐదూ యాభైకే పొద్దు పోతుంది, పైగా ఆ రోజు తుంపర. ఆరింటికి బయటికొచ్చి చూస్తే గూడు ఖాళీ! ఐదు పిల్లలు వంటింటి వెనక, యుటిలిటీ తలుపుకి ముక్కులు ఆనించి, ఒకటే ముద్దగా కూర్చుని ఉన్నాయి. రెండు వరండాలో ట్యూబ్ లైటు కింద మీ నాయన చెప్పుల మీద. ఎనిమిదోది లేదు. టార్చి పట్టుకుని గంటసేపు వెతికాం, పక్కింటావిడ గోడ మీంచి "ఏనమ్మా, కోళి కళెదుహోయ్తా?" అని, కోడి తప్పిపోయిందా అని కన్నడంలో అడుగుతోంది, అప్పుడే వాళ్ల పిల్లి గోడ దిగుతోంది, నాకు ఒకటే టెన్షన్. చివరికి స్కూటర్ మీద కప్పిన కవర్ లోపల, కాళ్లు పెట్టుకునే చోట దొరికింది. తోక దగ్గర ఎర్ర ఈకలున్న ఆ మొండిదే, ఇంకేది!

ఆ రాత్రి పడుకున్నాక తట్టింది నాకు. వాటికి దారి తెలియక కాదు, బాగా తెలిసే పోయాయి. ఆరు వారాలు పడుకున్న చోటు యుటిలిటీ, తలుపు మూసి ఉన్నా దాని దగ్గరికే పోయాయి పాపం. మనూళ్లో పిల్లలకి ఎవరూ ఏమీ నేర్పలేదు నిజమే, కానీ అక్కడ తల్లికోడి ఉండేది. సంజె పడితే అది కొక్కొక్కొ అంటూ గంప దగ్గరికి నడిచేది, వెనకే పిల్లలు, అవ్వ గంప కమ్మేసి పైన రాయి పెట్టేది. ఇవేమో మిషన్‌లో 21 రోజులు పొదిగితే పుట్టినవి, రెక్కల కింద దూరడం అంటే ఏమిటో ఎరుగవు. ఇక్కడి హెబ్బాళలో 1989లో తయారుచేసిన గిరిరాజ జాతి అని నువ్వు గొప్పగా చెప్పుకున్నావు, బరువు బాగా వస్తుంది, పెరటికి సరిపోతుంది, అంతా ఒప్పుకుంటా. తల్లి పని మాత్రం నాకొచ్చి పడింది.

మరునాటి నుంచి వారం రోజులు బయటికి వదల్లేదు. మేతా నీళ్లూ నిద్రా అన్నీ గూట్లోనే. మీ నాయన "జైల్లో పెట్టావు" అని రోజూ సణుగుడు. ఎనిమిదో రోజున పొద్దున కాదు, సాయంత్రం ఐదింటికి తీశాను. చీకటి పడడానికి గంట కూడా లేదు కాబట్టి ఎక్కువ దూరం పోలేవు, పైగా మధ్యాహ్నం నుంచి మేత పెట్టలేదు. ఐదున్నరకి గూట్లో రేకు పళ్లెం మీద నూకలు జల్లుమని పోసి బ్బబ్బబ్బా అని పిలిస్తే పరుగెత్తుకుంటూ వచ్చాయి చూడు, నాలుగు. మిగతా నాలుగూ గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, వెనక్కి తిరిగి మళ్లీ వరండాలోకే పోయాయి!

రెండు రోజులు ఇదే వరస. మూడో రోజు నేను గూడు ముందు గొంతుకూర్చుని, వాటి ఎత్తులో తల పెట్టి చూశాను. లోపల బావిలా ఉంది చీకటి. పక్కకి చూస్తే వరండా పట్టపగల్లా వెలుగుతోంది. కోడికి రేచీకటి కదా, కళ్లు కనబడని బొక్కలోకి ఎందుకు దూరుతుంది, వెలుగున్న చోటికే పోతుంది. మూడు రోజులుగా నేను పిలుస్తుంటే ట్యూబ్ లైటు అటు లాగుతోంది! ఆ పూటే వరండా లైటు ఆర్పేసి, గూట్లో పైన మూలకి జీరో బల్బు కట్టించాను. ఆరు లోపలికి వచ్చేశాయి. అందరూ సర్దుకున్నాక జీరో బల్బు కూడా ఆర్పేస్తాను, ఎక్కడివక్కడే కుదురుగా ఉంటాయి.

మిగిలిన రెండింటిని ఎత్తుకొచ్చేదాన్ని. ఒకటి నేర్చుకున్నా, పైనుంచి చెయ్యి వేస్తే గద్ద వచ్చినట్టు చెదిరిపోతాయి. కింద నుంచి పొట్ట కింద చెయ్యి పెట్టి ఎత్తాలి. లోపల పడెయ్యకుండా గుమ్మం ముందు దించితే ఆ చివరి రెండడుగులూ అవే వేస్తాయి. ఒకటి మూడు రాత్రుల్లో దారికొచ్చింది. ఎర్రతోకది నిన్నటి దాకా స్కూటరే. నిన్న మీ నాయన స్కూటర్ వేసుకుని యలహంక పోయి ఆలస్యంగా వచ్చాడు, అది ఆ ఖాళీ జాగా చుట్టూ రెండు సార్లు తిరిగి, గూటి వైపు చూసి, ఎవరో పిలిచినట్టు లోపలికి నడిచింది. దండెం మీదకి ఎగిరి ఇద్దరి మధ్యలో ఇరుక్కుంది కూడా.

ఇంకొక మాట, నువ్వు కొట్టించిన జాలీ పెద్ద కళ్లది, కోడి బయటికి పోకుండా ఆపుతుందే గానీ పందికొక్కుని ఆపదు. కింద అడుగు ఎత్తు దాకా అరంగుళం వెల్డింగ్ జాలీ వేయించాను, 900 అయింది, నీ ఖాతాలో రాశా.

సంక్రాంతికి వచ్చేటప్పుడు పగటి బండికి రా, వీలైతే ఆరు లోపు ఇంటికి చేరేలా చూసుకో, లెక్కపెడుతూ చూడొచ్చు. ఆలస్యమైతే గేటు దగ్గర నిలబడి లైటు వెయ్యమని కేకలు పెట్టకు, ఫోన్ టార్చి పట్టుకుని గోడ వెంబడే వచ్చెయ్, తలుపు తీసే ఉంటుంది.

మీ అమ్మ