లెక్కను చదవడం ఎవరు నేర్పుతారు?

సంపాదకుల వారికి,

లెక్కల్లో వెనకబడిన పదో తరగతి పిల్లలకు సాయంత్రం పూట ప్రత్యేక తరగతులు పెట్టి, సూత్రాలు కంఠస్థం చేయించి, రోజుకు ఇరవై లెక్కలు చేయించబోతున్నారని పోయిన ఆదివారం మీ జిల్లా పేజీలో వేశారు. నాలుగు రోజులైనా ఆ వార్త మనసులోంచి పోవడం లేదు. ఆ పిల్లల్లో చాలామందికి గుణకారాలు, భాగహారాలు వచ్చు. అంకెలు విడిగా ఇస్తే చేసేస్తారు. అవే అంకెలు నాలుగు వాక్యాల మధ్య పెడితే చేతులెత్తేస్తారు. తడబాటు చదవడం దగ్గరైతే మందు సూత్రాలకు వేస్తున్నారు.

గుంటూరు పిల్లలకు తెలిసిన లెక్కే తీసుకోండి. ఒక రైతు 40 కిలోల మిర్చి టిక్కీలు (బస్తాలు) 25 మార్కెట్ యార్డుకు తెచ్చాడు. క్వింటాలు ధర 14,000 రూపాయలు. అతనికి ఎంత వస్తుంది? పిల్లలు రాసే జవాబు 3,50,000. పాతికను పద్నాలుగు వేలు పెట్టి గుణించారు, గుణకారంలో తప్పు లేదు. ధర టిక్కీకి కాదు, క్వింటాలుకన్న మాట కంటికి ఆనలేదు. 25 టిక్కీలంటే వెయ్యి కిలోలు, అంటే పది క్వింటాళ్లు, 1,40,000 రూపాయలు. వచ్చిన జవాబును ఒక్కసారి వెనక్కి తిప్పి చూసుకున్నా తప్పు బయటపడేది. 40 కిలోల టిక్కీకి 14,000 వస్తే క్వింటాలు 35,000 పలికినట్టు. రైతు ఇంటి పిల్లకు ఆ ధర వినగానే అనుమానం రావాలి. రావడం లేదంటే, లెక్కల పుస్తకంలోని మిర్చికీ ఇంట్లో కళ్లంలో ఎండే మిర్చికీ సంబంధం లేదని మనమే నమ్మించామన్నమాట.

ఆ పని చిన్న తరగతుల్లోనే మొదలవుతుంది. 'మొత్తం' అంటే కూడిక, 'మిగిలినవి' అంటే తీసివేత, 'ఎక్కువ' అంటే కూడిక, 'తలా' అంటే భాగహారం అని గుర్తులు నూరిపోస్తారు. 'రవి దగ్గర 12 గోళీలున్నాయి. ఇవి సీత గోళీల కంటే 5 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని?' అని అడగండి. 'ఎక్కువ' కనబడింది కాబట్టి 17 అంటారు. రెండు గీతలు గీయించండి, రవిది పొడుగు, సీతది పొట్టి, మధ్య తేడా 5. ఏడని పిల్లలే చెబుతారు. గుర్తుమాటల పద్ధతి కూడికలు నేర్చే రోజుల్లో పనిచేసినట్టే ఉంటుంది, ఆరో తరగతికొచ్చేసరికి ముంచేస్తుంది.

ఇది మన దగ్గరే ఉన్న జబ్బు కాదు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో 1979 ప్రాంతంలో చిన్న పిల్లలకు ఒక ప్రశ్న ఇచ్చారు: 'ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?' 97 మందిలో 76 మంది ఉన్న అంకెలతోనే ఏదో ఒక వయసు తేల్చేశారు. లెక్కంటే అంకెలు ఏరుకొని ఏదో ఒకటి చేయడమేనని వాళ్లకు ఎవరో నేర్పారు. రోజుకు ఇరవై లెక్కలు పరుగు మీద చేయించినా నేర్పేది అదే.

తెలుగులో రాత లెక్క, అంటే వాక్యాల్లో అడిగే లెక్క, తరచూ ఒక చిన్న ప్రత్యయం మీద నిలబడి ఉంటుంది. 'కిలో టమాటా 20 రూపాయలు పెరిగింది', 'కిలో టమాటా 20 రూపాయలకు పెరిగింది'. నిన్నటి ధర 15 అయితే మొదటి వాక్యం ప్రకారం ఇవాళ 35, రెండో దాని ప్రకారం 20. తేడా అంతా ఆ 'కు'లో ఉంది. 'ఒక సంఖ్య నుంచి 8 తీసివేస్తే' అంటే ఎక్స్ మైనస్ 8. 'ఒక సంఖ్యను 8 నుంచి తీసివేస్తే' అంటే 8 మైనస్ ఎక్స్. 'నుంచి' ఏ మాటకు అంటుకుందో చూడకపోతే రెండూ ఒకటిగానే కనిపిస్తాయి. డుమువులు ప్రథమా విభక్తి అని తెలుగు పీరియడ్‌లో వల్లె వేయించే విభక్తులు లెక్కల పీరియడ్‌లో ఎంత పనికొస్తాయో ఏ శిక్షణలోనూ చెప్పరు. పైగా పరీక్షలు దగ్గర పడగానే మొదట లాక్కునేది తెలుగు పీరియడ్‌నే!

ఇంగ్లిష్ మీడియం వచ్చాక చిక్కు రెట్టింపైంది. 'ఫైవ్ లెస్ దాన్ ఎ నంబర్' అని ఉంటే మాటల వరుస పట్టుకొని 5 మైనస్ ఎక్స్ రాస్తారు. 'ఒక సంఖ్య కంటే 5 తక్కువ' అని తెలుగులో చదివితే ఎక్స్ మైనస్ 5 దానంతట అదే వస్తుంది. ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్ అచ్చువేశారు. మంచి పని. లెక్క అర్థం కానప్పుడు ఎదురు పేజీ చూడు అని చెప్పడానికి డబ్బు ఖర్చు కాదు, జీవో అక్కర్లేదు. చెప్పాలి, అంతే.

మరి ఏం చేయించాలి? పీరియడ్‌కు ఇరవై వద్దు, మూడు చాలు. మొదటిసారి చదివేటప్పుడు పెన్ను బల్ల మీదే ఉండాలి. పుస్తకం మూయించి, అంకెలు లేకుండా కథ చెప్పమనాలి: ఎవరు, ఏం కొన్నారు, ఏం అడుగుతున్నారు. చెప్పలేకపోతే మళ్లీ చదవాలి. రెండోసారి చదివాక ప్రశ్నను జవాబు వాక్యంగా రాసి అంకె ఉండాల్సిన చోట ఖాళీ వదలాలి: 'సీత దగ్గర ... గోళీలు ఉన్నాయి.' వెతుకుతున్నది గోళీలా, రూపాయలా, సంవత్సరాలా అన్నది ఈ ఒక్క వాక్యంతో తేలిపోతుంది. తర్వాతే ఇచ్చినవి ఒక పక్క, కావలసింది ఒక పక్క, ప్రతి అంకె పక్కన దాని ప్రమాణం. గీత బొమ్మ గీసి, జవాబు సుమారుగా ఎంత ఉండాలో అనుకొని, అప్పుడు లెక్క చేయాలి. చివరగా జవాబును ఖాళీలో పెట్టి లెక్క మొదటి నుంచి చదవాలి. గణితవేత్త జార్జ్ పోల్యా 1945లోనే సమస్య సాధనకు నాలుగు దశలు చెప్పాడు. మొదటిది సమస్యను అర్థం చేసుకోవడం, చివరిది వెనక్కి తిరిగి చూసుకోవడం. మన తరగతి గదుల్లో ఈ రెండే ఎగిరిపోయాయి.

వయసుల లెక్కలో ఇది బాగా తెలుస్తుంది. 'తండ్రి వయసు కొడుకు వయసుకు 4 రెట్లు. 5 సంవత్సరాల తర్వాత 3 రెట్లు అవుతుంది.' ఎక్కువగా జరిగే పొరపాటు, 5 తండ్రికి మాత్రమే కలపడం. కొడుక్కీ ఏళ్లు వస్తాయన్నది సూత్రం చెప్పదు, కథ చెబుతుంది. కొడుకు వయసు ఎక్స్ అనుకొని ఇప్పుడు, తర్వాత అని రెండు గళ్లు గీస్తే 4ఎక్స్ ప్లస్ 5 ఒక పక్క, ఎక్స్ ప్లస్ 5కు మూడు రెట్లు మరో పక్క వచ్చి, కొడుక్కి 10, తండ్రికి 40 అని తేలుతుంది. సరిచూడాలంటే 45, 15. విజయవాడ బీసెంట్ రోడ్డు ఆషాఢం డిస్కౌంట్లూ అంతే. 20 శాతం తగ్గించి, ఆపైన మరో 10 శాతం అంటే వెయ్యి రూపాయల చీర 720కి వస్తుంది, 700కి కాదు. రెండో తగ్గింపు దేని మీద అన్న ప్రశ్న వేసుకోవాలి. పెద్దవాళ్లూ వేసుకోవడం లేదు.

పదో తరగతి గణితం పరీక్షకు 3 గంటల 15 నిమిషాలు ఇస్తున్నారు. అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికే. ఆ పావుగంట ఎలా వాడుకోవాలో ఎంతమందికి నేర్పారు? పై ఆఫీసుల నుంచి యాప్‌లలో ఎక్కించాల్సిన ఫొటోల గురించి రోజూ ఆదేశాలొస్తాయి. పిల్లవాడు ఒక లెక్క చదివి దాని కథ చెప్పగలడా అని అడిగిన తనిఖీ అధికారి కనబడడు. మోడల్ పేపర్లు ఇంగ్లిష్ నుంచి మాటకు మాట దించి పంపుతారు. ఆ తెలుగు వాక్యం లెక్కల మాస్టారికే రెండుసార్లు చదివితే గానీ అర్థం కాదు. బందరు రోడ్డు పొడవునా ర్యాంకుల హోర్డింగులు పెట్టే సంస్థలు బిట్లు బట్టీ పట్టిస్తుంటే, ప్రభుత్వ బడి కూడా అదే దారి పట్టడం బాధగా ఉంది. ఈ నేల మీద 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుల సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పద్యం అర్థమైతేనే లెక్క మొదలయ్యేది.

విద్యాశాఖ వారికి నా విన్నపం రెండే రెండు. సాయంత్రం తరగతుల్లో వారానికి రెండు రోజులు తెలుగు, లెక్కల ఉపాధ్యాయులను ఒకే గదిలో కూర్చోబెట్టి రాత లెక్కలు చదివించండి. వచ్చే మోడల్ పేపరు అచ్చుకు వెళ్లే ముందు దాని తెలుగు ప్రతిని ఏదో ఒక మండలంలో ఐదుగురు పదో తరగతి పిల్లల చేత చదివించి, ప్రశ్న ఏమడుగుతోందో వాళ్ల నోటితో చెప్పించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత గణిత ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు