టీకా వేసే ముందు ఒక్క మాట అడగండి

సంపాదకులకు నమస్కారం.

చిత్తూరులో 26 ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయ్యాను. సూదికి భయపడి పిల్లల్ని దాచేసే తల్లుల్ని బతిమాలి, తిట్టి టీకాలు వేయించినదాన్ని. అందుకే ఈ ఉత్తరం రాయడానికి ఆరు నెలలు తటపటాయించాను.

మా అమ్మాయిని నా తమ్ముడికే ఇచ్చాం. పట్టుబట్టింది నేనే. మొదటి బిడ్డ ఐదో నెలలో పోయాడు. న్యుమోనియా అన్నారు. రెండోవాడికి పుట్టిన మర్నాడే ఎడమ భుజానికి బీసీజీ, అంటే టీబీ టీకా, వేశారు. మామూలుగా చిన్న పొక్కు లేచి, మాని, మచ్చ పడుతుంది. వీడికి మానలేదు. చంకలో నిమ్మకాయంత గడ్డ, నోట్లో తెల్లపూత, ఆగని విరేచనాలు. ఇన్నేళ్లు ఊరికి బుద్ధులు చెప్పిన నేనే తాయెత్తు కట్టించాను.

మూడు ఆసుపత్రులు తిరిగి వేలూరు చేరాం. అక్కడి డాక్టరమ్మ మా ప్లాస్టిక్ కవర్లోంచి పాత రక్తపరీక్ష కాగితం తీసి, ఒక వరుస చుట్టూ పెన్నుతో సున్నా చుట్టింది. తెల్లకణాలు 6,200, అందులో రోగాలతో పోరాడే లింఫోసైట్లు అనే రకం 8 శాతం. లెక్కేస్తే 500 కూడా లేవు. ఆ వయసు బిడ్డకి 3,000కి తగ్గితేనే అనుమానించాలట. ఆ కాగితం రెండు నెలలుగా మా దగ్గరే ఉంది. అంతకుముందు చూసినవాళ్లు హిమోగ్లోబిన్ దగ్గరే ఆగి టానిక్ రాశారు.

జబ్బు పేరు సివియర్ కంబైన్డ్ ఇమ్యునో డెఫిషియెన్సీ, పొట్టిగా స్కిడ్. రోగాలతో పోరాడే ఆ కణాలు పుట్టుకతోనే సరిగా ఉండవు. బీసీజీలో ఉండేది నీరసింపజేసిన బతికున్న క్రిమే. ఇలాంటి బిడ్డలో అది ఒళ్లంతా పాకుతుంది. ఏ ఇన్ఫెక్షనూ తగలక ముందే, మూడున్నర నెలల్లోపు ఎముక మజ్జ మార్పిడి చేస్తే నూటికి 90 మందికి పైగా బతుకుతున్నారని అమెరికా లెక్క. అక్కడ 2018 చివరికి అన్ని రాష్ట్రాల్లోనూ పుట్టగానే మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో కనిపెడుతున్నారు. మన కేంద్ర ప్రభుత్వ 2021 అరుదైన వ్యాధుల పాలసీలోనూ ఈ మార్పిడి ఉంది. మావాడి జబ్బు తెలిసేసరికి ఏడో నెల, క్రిమి కాలేయం దాకా పోయింది. వాడూ దక్కలేదు.

దయచేసి ఇది చదివి ఎవరూ టీకా మానొద్దు. ఈ జబ్బు అరుదు, టీబీ అరుదు కాదు. కానీ మేనరికాలు మన దగ్గర ఇంకా జరుగుతూనే ఉన్నాయి. అమ్మానాన్నలిద్దరిలో దాగిన లోపం ఒకటే అయితే ప్రతి కాన్పుకూ నాలుగింట ఒక వంతు ముప్పు. చుట్టుపక్కల జిల్లాల నుంచి కాన్పులకొచ్చే తిరుపతిలోనైనా ఆ మడమ పరీక్ష మొదలుపెట్టాలి. అది వచ్చేలోపు, సూది పట్టుకొచ్చే సిస్టర్ ఒక్కటి అడిగితే చాలు: "మీ ఇంట్లో ఇంతకుముందు పసిబిడ్డ ఎవరైనా పోయారా?" అవునంటే బీసీజీ ఆపి, ముందు లింఫోసైట్ల లెక్క చూడాలి.

మా అమ్మాయిని ఆ మాట ఎవరూ అడగలేదు. మంచం పక్కనే కూర్చున్న నాకూ చెప్పాలని తోచలేదు.

– ఒక రిటైర్డ్ అంగన్‌వాడీ టీచర్, చిత్తూరు