మన సహాయకులు: ఈ నెల ఇంట్లో చేయాల్సినవి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఒకటో, రెండో తరగతుల్లో ఈ నెల ‘మన సహాయకులు’ పాఠం నడుస్తోంది. పోస్ట్‌మ్యాన్, లైన్‌మన్, ఆశ కార్యకర్త, కండక్టర్, చెత్తబండి అన్న: ఈ పేర్లు పిల్లలకు రెండు రోజుల్లో వచ్చేస్తాయి. చార్టు ముందు పెడితే గడగడా చదువుతారు. కానీ లైన్‌మన్ ఏం చేస్తాడని అడిగితే మాత్రం ‘కరెంటిస్తడు’ దగ్గరే ఆగిపోతారు. అక్కడినుంచి ముందుకు పోవాలంటే చార్టు చాలదు, వాకిట్లోకి రావాలి.

ముందుగా ఒక విన్నపం. ‘అన్నం తినకుంటే పోలీసాయనకు పట్టిస్త’, ‘అల్లరి చేస్తే సూదేయిస్త’ అనే మాటలు మానేయండి. చెర్వుగట్టు జాతరలో మీ చెయ్యి విడిచిన బిడ్డ ఖాకీ బట్టలు చూసి దగ్గరికి పోవాలా, దాక్కోవాలా? ఇంకోటి కూడా ఉంది: ‘సదువుకోకపోతే చెత్త ఎత్తుకోవాల్సొస్తది’. ఆ పని చేసే వాళ్ల పిల్లలు మీ పిల్లల పక్క బెంచీలోనే కూర్చుంటారు. బడిలో మేము గౌరవం నేర్పినా, ఇంట్లో ఆ ఒక్క మాట వింటే అంతా పోతుంది.

వారానికి ఒక్క మనిషిని ఎంచుకోండి, చాలు. పిల్లలతో మూడు సంగతులు గమనింపజేయండి: చేతిలో ఏ పనిముట్టు ఉంది, పని ఎన్ని గంటలకు మొదలవుతుంది, ఒక్కరోజు రాకపోతే మనింట్లో ఏం ఆగుతుంది. నాలుగో ప్రశ్న పిల్లలే అడగాలి, మీరు అందించొద్దు. అన్నా, అక్కా, సార్ అని పిలిచి అడగమనండి. అయిదు నిమిషాలు మించితే ఆరేళ్ల పిల్లలు నిలబడరు, అవతలివాళ్ల పనీ చెడుతుంది. కిక్కిరిసిన బస్సులో కండక్టర్ టికెట్లు కొడుతుంటే అప్పుడు అడగొద్దు. బస్సు బస్టాండ్‌లో ఆగి ఉన్నప్పుడు అడగండి. అమ్మకిచ్చిన జీరో టికెట్ మీద ఎక్కిన స్టేజీ, దిగే స్టేజీ పేర్లు వెతికించండి, చదవడం కూడా అందులోనే అయిపోతుంది.

లైన్‌మన్ స్తంభం ఎక్కి ఉంటే దూరంగా నిలబడి చూడండి, మాట్లాడించొద్దు. కరెంటు ఎందుకు తీశారని పిల్లలు తప్పకుండా అడుగుతారు. ఆయన పైకెక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఎల్‌సీ తీసుకుంటాడు, అంటే ఆ లైన్‌లో సప్లై ఆపిస్తాడు. ఆ తర్వాతే తీగ ముట్టుకుంటాడు. ‘మన ఫ్యాన్ ఆగింది, అందుకే ఆయన చెయ్యి భద్రంగా ఉంది’ అని చెప్తే ఆరేళ్ల పిల్లలకు అర్థమవుతుంది. తెగిపడిన తీగ కనిపిస్తే ముట్టుకోకుండా, దగ్గరికి కూడా పోకుండా పెద్దవాళ్లను పిలవాలని అదే ఊపులో నేర్పండి. మీరు ఫోన్ చేయాల్సిన నంబరు 1912.

చెత్త విషయంలో చూడ్డం కన్నా చేయడమే బాగా పనిచేస్తుంది. ఒక రోజంతా ఇంట్లో రెండు బుట్టలు పెట్టండి: తడి చెత్తకు ఆకుపచ్చది, పొడి చెత్తకు నీలంది. ఆ రంగులవి లేకపోతే కాగితం మీద రంగేసి అతికించండి. ఉల్లిపొట్టు, బత్తాయి తొక్క, అన్నం మెతుకులు, పాల ప్యాకెట్, అట్టపెట్టె, చాక్లెట్ కాగితం లాంటివి ఓ పది వస్తువులు పిల్లలతోనే వేయించండి. ఇక్కడ తప్పులు సాధారణంగా పెద్దవాళ్లవే. తడి చెత్తను పాలిథిన్ కవర్లో ముడేసి ఇస్తే అది ఎరువు కాదు, ఎవరో చేత్తో ఆ ముడి విప్పాలి. పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరిస్తే ఆ చిన్న ముక్క ఏ బుట్టలోకీ చేరదు, మోరీలోకి పోతుంది. ముక్క ప్యాకెట్‌కే వేలాడేలా కోయండి. పగిలిన గాజును మందపాటి కాగితంలో చుట్టి విడిగా చేతికివ్వండి. అది ఎందుకలా చేశారో పిల్లలనే చెప్పనివ్వండి.

ఫోన్ నంబర్లకు వద్దాం. 100, 101, 108, 1098 అన్నీ ఒకేసారి బట్టీ పట్టిస్తే కలగాపులగమవుతాయి. ఈ వయసుకు ఒక్కటి చాలు: 112. పోలీసు, ఫైరింజను, అంబులెన్సు మూడూ దాని ద్వారానే వస్తాయి. అయితే ‘నూటపన్నెండు’ అని నేర్పకండి. విన్నది విన్నట్టు రాసే పిల్లలు నూరు వేసి, పక్కన పన్నెండు వేసి 10012 నొక్కుతారు. ‘ఒకటి, ఒకటి, రెండు’ అనే చెప్పండి. అసలు ఫోన్‌తో సాధన వద్దు, తాళం వేసిన ఫోన్‌లోంచి కూడా ఎమర్జెన్సీ కాల్ వెళ్తుంది. అట్టముక్క మీద అంకెల గళ్లు గీసి నొక్కించండి. నంబరు కన్నా కష్టమైంది చిరునామా. ‘మా ఇల్లు’ అంటే అటువైపు వాళ్లకు ఏం తెలుస్తుంది? ఏమైంది, ఏ ఊరు, ఏ మండలం, దగ్గర్లో ఏముంది (వాటర్ ట్యాంకు, హనుమాండ్ల గుడి, బస్ స్టేజీ) వరుసగా చెప్పించండి. రోజుకొక్కసారి, వారం రోజులు.

వేషాల గురించి అడుగుతున్నారు. అద్దె డ్రెస్సులు తేవద్దు. పోస్ట్‌మ్యాన్‌కు ఒక సంచీ, నర్సమ్మకు ఒక తెల్ల చున్నీ చాలు. బొమ్మ గీయమన్నప్పుడు మీరు గీసివ్వొద్దు. స్తంభం కన్నా లైన్‌మన్ పెద్దగా ఉన్నా మాకు అదే కావాలి. ఎవరి ఫొటో అయినా తీసేముందు వాళ్లనడగండి, స్టేటస్‌లో పెట్టకండి.

ఈ నెల చివరి పని, పోస్టుకార్డు. అర్ధరూపాయి కార్డు పోస్టాఫీసులో మీ బిడ్డ చేతే కొనిపించండి. స్కెచ్ పెన్ వద్దు, తడి తగిలితే చెదిరిపోతుంది. బాల్‌పెన్నే మేలు. ఎడమవైపు సంగతి, కుడివైపు మీ ఇంటి చిరునామా. ఆరు గళ్లలో పిన్‌కోడ్. పిన్‌కోడ్‌లు 1972 ఆగస్టు 15న వచ్చాయి. నల్లగొండ టౌన్‌ది 508001, మహబూబ్‌నగర్‌ది 509001. మొదటి మూడంకెలు కార్డు ఏ జిల్లా దారి పట్టాలో చెప్తాయి, చివరి మూడు ఏ పోస్టాఫీసో చెప్తాయి. మీ ఊరిది వేరే ఉంటుంది, ఆధార్ కార్డు మీద చూడండి. డబ్బాలో బిడ్డే వేయాలి. వేసిన తేదీ క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి. కార్డు ఇంటికి చేరాక దాని మీది ముద్రలో తేదీ చదివించి, ఎన్ని రోజులు పట్టిందో కార్డు మీదే రాయించి బడికి పంపండి. బ్యాగులో నీళ్ల సీసా ఉన్న అరలో కార్డు పెట్టొద్దు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు